ఆగే పెట్టెలు, ఆగని పెట్టెలు

(హనుమకొండలో గ్రంథాలయ వారోత్సవాల సభలో, తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి కూర్చున్న చోట, ఒక రేడియో మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో పిల్లలున్నారు. వాళ్ల వెనుక అమ్మానాన్నలు, గోడ పక్కన కుర్చీల్లో తాతలు, నాయనమ్మలు. నేను మాట్లాడదామనుకున్న మూడు తరాలూ ఈ హాల్లోనే కూర్చున్నాయి. నేను చదివింది పదో తరగతి వరకే. 1978లో రేడియో రిపేరు నేర్చుకోవడం మొదలుపెట్టాను. తర్వాత టేప్‌రికార్డర్లు, టీవీలు చేశాను. ఇప్పుడు అదే షాపులో మా అబ్బాయి సెల్‌ఫోన్లు చేస్తున్నాడు. రిపేరుకు వచ్చే పెద్దమనిషి వెంట ఎప్పుడూ ఒక పిల్లవాడో పిల్లో ఉంటారు. టేబుల్ అంచు పట్టుకుని, మునికాళ్ల మీద లేచి, నా చేతులు ఏం చేస్తున్నాయో చూస్తూ ఉంటారు. ఇన్నేళ్లుగా నేను వస్తువులతో పాటు ఆ పిల్లలనూ చూస్తూ వచ్చాను. వాళ్ల గురించే చెబుతాను.

మాది వరంగల్ మిల్లు కాలనీ. మా బాపు ఆజంజాహి బట్టల మిల్లులో సాంచాల మీద, అంటే మర మగ్గాల మీద పనిచేసేవాడు. నిజాం కాలంలో 1934లో పెట్టిన మిల్లు అది, 2002లో మూతపడింది. మా ఇంట్లో గడియారం లేదు, మిల్లు సైరనే గడియారం. రేడియో కూడా లేదు. మా వాడ మొత్తానికి ఒక్క ఇంట్లో ఉండేది, పెద్ద వాల్వు రేడియో. ఆ రోజుల్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటా లైసెన్సు ఫీజు కట్టాలి. అంత మర్యాద దానికి.

పిల్లలూ, ఆ రేడియో మీ ఫోన్‌లాగా వేలు తగలగానే పలికేది కాదు. లోపల గాజు బుడ్ల లాంటి వాల్వులు ఉంటాయి. వాటిలో సన్నటి తీగ ముందు ఎర్రగా కాలాలి, ఆ వేడికి ఎలక్ట్రాన్లు కదలాలి, అప్పుడే పని మొదలవుతుంది. అర నిమిషం పట్టేది, ఒక్కోసారి నిమిషం. పెద్దవాళ్లు రేడియో ముందు కూర్చుంటే మేం పిల్లలం వెనక్కి పోయేవాళ్లం. వెనుక అట్టకు గాలి తగలడానికి చిల్లులుంటాయి. ఆ చిల్లుల్లో కన్ను పెట్టి, చీకట్లో ఆ ఎర్రటి వెలుగు పుట్టడం చూసేవాళ్లం. వేడెక్కిన దుమ్ము వాసన వచ్చేది. తర్వాత ఎక్కడో దూరం నుంచి నడిచి వస్తున్నట్టు గొంతు మెల్లగా పెరిగేది. నేను మెకానిక్‌నయ్యింది ఆ అట్ట చిల్లుల దగ్గరే.

హైదరాబాద్ కేంద్రం నుంచి పిల్లల కోసం బాలానందం వచ్చేది. న్యాయపతి రాఘవరావు గారిని, కామేశ్వరి గారిని రాష్ట్రమంతా రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిలుచుకునేది. ఆ కార్యక్రమం అయిపోతే అయిపోయినట్టే. ఎంత ఏడ్చినా మళ్లీ వారం దాకా రాదు. మరి ఆ వారమంతా మేం ఏం చేసేవాళ్లం? విన్న పాటలను వాడలో పాడుకునేవాళ్లం. సగం మరిచిపోయేవాళ్లం. మరిచిపోయిన చోట సొంత మాటలు పెట్టేవాళ్లం. మా చెల్లె ఒక పాటకు పెట్టిన మాటలే మా వాడలో నిలిచిపోయాయి, అసలు పాట ఏమిటో ఎవరికీ గుర్తు లేదు.

తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చింది. కరెంటు అక్కర్లేదు, చంకలో పెట్టుకుని పొలానికి పోవచ్చు. కానీ సెల్లులు కొనాలి. గొంతు బొంగురు పోతే సెల్లులు దిగిపోయాయని అర్థం. వాటిని తీసి మధ్యాహ్నం ఎండలో బండ మీద పెట్టేవాళ్లం. సాయంత్రం మళ్లీ వేస్తే ఇంకొంతసేపు పాడేది. ఇది ఉత్త నమ్మకం కాదు. వేడికి సెల్లు లోపల రసాయన చర్య కాస్త చురుకవుతుంది, అడుగున మిగిలిన శక్తి కొంచెం బయటికి వస్తుంది. కొత్తగా చార్జింగ్ ఏమీ ఎక్కదు. ఈ సంగతి మా ఉస్తాద్ చెప్పేదాకా నాకు తెలియదు, కానీ ఎనిమిదేళ్లప్పుడే ఎండలో పెట్టడం తెలుసు. పూర్తిగా అయిపోయిన సెల్లును రాయితో పగలగొడితే మధ్యలో నల్లటి బొగ్గు కడ్డీ ఉండేది. దానితో బండల మీద గళ్లు గీసి ఆడుకునేవాళ్లం. (పిల్లలూ, ఫోన్ బ్యాటరీని మాత్రం ఎండలో పెట్టొద్దు, రాయితో కొట్టొద్దు. అది భగ్గుమంటుంది. ఇది గట్టిగా చెబుతున్నాను.)

నా మాట మొత్తం ఇక్కడే ఉంది. మా కాలపు వస్తువులు ఆగేవి. కార్యక్రమం అయిపోయి ఆగేవి, సెల్లులు దిగి ఆగేవి, చెడిపోయి ఆగేవి. ఆగిన ప్రతిసారీ పిల్లవాడి చేతికి ఒక పని దొరికేది. ఇప్పటి వస్తువులు వాటంతట అవి ఆగవు. ఒకవేళ ఆగితే పిల్లవాడి చేతికి ఏ పనీ ఉండదు. ఎన్ని గంటలు చూశాడు అని అందరూ లెక్కపెడుతున్నారు. నాకు ఆ లెక్క కంటే ఈ తేడా పెద్దదిగా కనిపిస్తుంది.

టీవీ సంగతికి వస్తాను. 1975 ఆగస్టు నుంచి ఒక్క ఏడాది మన దేశంలో ఒక ప్రయోగం జరిగింది. అమెరికా వాళ్ల ఉపగ్రహం ఏటీఎస్-6ను అడిగి తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు నేరుగా టీవీ చూపించారు. మన ఉమ్మడి రాష్ట్రం పల్లెలు కూడా వాటిలో ఉన్నాయి. కోళ్ల గూళ్లకు కట్టే జాలీతో చేసిన పెద్ద గొడుగు ఆ పల్లెల్లో యాంటెన్నా. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్లిపోయింది. ఏడాది పాటు బడిలో ఆ పెట్టె ముందు కూర్చుని, 1976 ఆగస్టులో బడికి వచ్చిన పిల్లల్ని నేను చాలాసార్లు తలచుకుంటాను.

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. మా షాపుకు అసలైన గిరాకీ మాత్రం 1987 జనవరిలో, ఆదివారం పొద్దున రామాయణం మొదలయ్యాక వచ్చింది. శనివారం సాయంత్రం షాపు ముందు జాతర. ఎవరి ఇంట్లో బొమ్మ రాకపోయినా ఆదివారంలోపు రావాలి. అప్పటి పిల్లల పని మిద్దె మీద. కింద నాయనమ్మ టీవీ ముందు, గుమ్మంలో తల్లి, వాకిట్లో బాపు, మిద్దె మీద పిల్లవాడు యాంటెన్నా పైపు పట్టుకుని.

"వచ్చిందా?"

"రాలే. ఇంకింత తిప్పు."

"ఇప్పుడు?"

"ఆ, ఆ, గక్కడనే! కదలకు!"

చేయి తీస్తే మళ్లీ బొమ్మ మీద చీమలు పాకేవి. ఆ పిల్లవాడికి తెలియకుండానే ఒక చదువు వచ్చేది. బొమ్మ ఒక దిక్కు నుంచి వస్తోంది. ఆ దిక్కుకు యాంటెన్నా ముఖం పెడితే బాగా వస్తుంది. మనిషి ఒళ్లు తగిలితే తేడా వస్తుంది. గాలివాన వస్తే తిరిగిపోతుంది. యాంటెన్నాలో ఆ అల్యూమినియం పైపులు ఒక్కోటి ఒక్కో పొడవు ఎందుకున్నాయని షాపుకు వచ్చి నన్ను అడిగిన పిల్లలున్నారు. ఛానల్‌ను బట్టి పొడవు ఉంటుందని చెబితే పుల్లతో కొలిచి చూసుకున్నవాళ్లున్నారు. వాళ్లలో ఒకడు ఇప్పుడు కాజీపేటలో రైల్వే సిగ్నల్ విభాగంలో పని చేస్తున్నాడు.

అయితే మా కాలమే బంగారం అని నేను చెప్పను. ఆ రామాయణాన్ని లోపల చాప మీద కూర్చుని చూసిన పిల్లలున్నారు, కిటికీ ఊచలు పట్టుకుని బయట నిలబడి చూసిన పిల్లలూ ఉన్నారు. ఎవరు లోపలికి రావచ్చో, ఎవరు రాకూడదో కొన్ని ఊళ్లలో అందరికీ తెలుసు. నేను రిపేరుకు వెళ్లిన ఒక ఇంట్లో, కిటికీ దగ్గర నిలబడ్డ అమ్మాయిని లోపలికి పిలిస్తే ఇంటివాళ్ల ముఖాలు మారిపోయాయి. ఆమె రాలేదు. ఫోన్ ఆ కిటికీని తీసేసింది. ఎవరి చేతిలో వాళ్ల బొమ్మ వాళ్లకుంది. అది చిన్న విషయం కాదు.

ఇంకొకటి చెప్పాలి. మన కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లలో తొంభైల్లో ఉత్తరాలతో పాటు క్యాసెట్లు తిరిగేవి. అక్కడ మాటలు రికార్డు చేసి, ఊరికి వచ్చే మనిషి చేత పంపేవాళ్లు. ఇక్కడివాళ్లు విని, తమ మాటలు రికార్డు చేసి పంపేవాళ్లు. ఒకరోజు హుజూరాబాద్ నుంచి ఒకామె ఆరేడేళ్ల కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. తమ్ముడింటికి హనుమకొండ వచ్చిందట.

"అన్నా, టేపు చిక్కుకున్నది. వాళ్ల బాపు మాటలున్నయి అండ్ల. రాత్రి నుంచి వీడు అన్నం తింటలేడు."

టేప్‌రికార్డర్ తెరిచాను. గోధుమరంగు రిబ్బన్ రబ్బరు రోలర్‌కు చుట్టుకుని, ఒక జానెడు ముక్క ముడతలు పడి నలిగిపోయింది. మామూలుగా అయితే నలిగిన ముక్క కోసేసి, రెండు కొసలు కలిపి వెనుక టేపు అతికిస్తాం. క్యాసెట్‌లో రిబ్బన్ సెకనుకు ఐదు సెంటీమీటర్ల కంటే కొంచెం తక్కువ వేగంతో నడుస్తుంది. జానెడు కోస్తే నాలుగైదు సెకన్ల మాట పోతుంది. ఆ పిల్లవాడికి అర్థమయ్యేలా ఇదే చెప్పాను. వాడు నా చేయి పట్టుకుని "కొయ్యకు" అన్నాడు. ఆ నాలుగు సెకన్లలో బాపు ఏమన్నాడో వాడికి తెలుసు.

కోయలేదు. అద్దం ముక్క మీద రిబ్బన్‌ను పరిచి, మెత్తటి గుడ్డ చుట్టిన చెంచా వెనుక భాగంతో అంగుళం అంగుళం సాపు చేశాను. గంట పట్టింది. పిల్లవాడు రీలు కదలకుండా రెండు వేళ్లతో పట్టుకున్నాడు. క్యాసెట్ వేస్తే ఆ చోట గొంతు కొంచెం వణికింది, కానీ మాట పోలేదు. తిరిగి వేశాం, మళ్లీ వణికింది. వాడు నవ్వాడు. పెద్దగా ఏమీ లేదు ఆ మాట, "మంచిగ చదువుకో, వచ్చేటప్పుడు సైకిల్ తెస్త" అని.

ఇవాళ అలాంటి పిల్లవాడు రోజూ రాత్రి వీడియో కాల్‌లో బాపు ముఖం చూస్తున్నాడు. దుబాయ్‌లో క్యాంపు గదిలో ఆయన వండుకున్న కూర చూస్తున్నాడు. ఈ సుఖాన్ని నేను ఎన్నటికీ తక్కువ చేసి మాట్లాడను. ఆ క్యాసెట్ పిల్లవాడికి ఆ రోజు ఒక్క వీడియో కాల్ దొరికితే ఎంత బాగుండేదో నాకు తెలుసు.

మరి నా బాధ ఎక్కడ? మా మనవరాలికి ఏడేళ్లు. ఫోన్‌లో ఏదో చూస్తుంటే మధ్యలో గుండ్రం తిరగడం మొదలైంది. "తాతా, ఇది తిరుగుతనే ఉన్నది" అని నా చేతికిచ్చింది. అంతకంతకు ముఖం ఎర్రబడుతోంది. నలభై ఐదేళ్లుగా ఆగిపోయినవాటిని నడిపించిన మనిషిని, ఆ పాప చేతికి ఇవ్వడానికి నా దగ్గర ఏ పనీ లేదు. తిప్పడానికి యాంటెన్నా లేదు, ఎండలో పెట్టడానికి సెల్లు లేదు. ఫోన్ వెనుక మూత జిగురుతో అతికి ఉంటుంది. మా అబ్బాయి హాట్ ఎయిర్‌తో వేడి చేసి, సన్నటి ప్లాస్టిక్ బిళ్ల దూర్చి మెల్లగా లేపితే తప్ప ఊడదు. తెరిచినా పిల్లలకు కనిపించేది నల్లటి చిప్పులు. వాల్వులాగా వెలగదు, రీలులాగా తిరగదు. "ఇది దేనికి?" అని అడగడానికి కూడా వాళ్లకు చోటు దొరకదు.

రెండోది, ఆగకపోవడం. ఫోన్ తెరను వేలితో కింది నుంచి పైకి తోస్తూ పోతే అంతులేకుండా వస్తూనే ఉండే ఏర్పాటును 2006లో ఎజా రాస్కిన్ అనే డిజైనర్ తయారు చేశాడు. తర్వాతి కాలంలో దాని వల్ల జరిగిన నష్టం చూసి ఆయనే బాధపడ్డాడు. ఒక వీడియో అవగానే ఇంకొకటి దానంతట అదే మొదలుకావడం కూడా అట్లాంటిదే. మేం బాలానందం అయ్యాక వాడలోకి పోయి పాడుకున్నామే, ఆ ఖాళీ సమయం ఇప్పటి పిల్లలకు రాదు. అయిపోవడం అంటూ ఉంటే కదా అయిపోయాక ఏం చేయాలో ఆలోచించేది!

తల్లిదండ్రులకు ఇక్కడ ఒక పని ఉంది, ఈ రాత్రే చేయండి. పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల ఖాతాల్లో వీడియో దానంతట అది నడవడాన్ని ముందే ఆపి ఉంచుతామని యూట్యూబ్ 2021లో చెప్పింది. కానీ మన ఇళ్లలో పిల్లలు ఎవరి ఫోన్ చూస్తారు? అమ్మదో నాన్నదో. అందులో ఉన్నది ముప్పై అయిదేళ్ల మనిషి ఖాతా. కంపెనీ లెక్కలో అక్కడ పిల్లవాడే లేడు. పిల్లల కోసం పెట్టిన అడ్డు ఏదీ ఆ ఫోన్‌లో పని చేయదు. సెట్టింగ్స్‌లో ఆటోప్లే అని ఉంటుంది, దాన్ని మీరే ఆఫ్ చేయాలి. చేయడం రాకపోతే మా షాపుకు రండి, డబ్బులు తీసుకోము. రెండేళ్లలోపు బిడ్డలకు స్క్రీన్ వద్దని, నాలుగేళ్ల వరకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాట కూడా గుర్తుంచుకోండి. బువ్వ తినిపించడానికి ఫోన్ ఇస్తున్న కోడళ్లను నేను తిట్టను. ఇంట్లో ఇంకో చేయి సాయం లేకనే ఇస్తున్నారు. ఆ సాయం చేయాల్సింది నా వయసువాళ్లం.

కరోనా సంవత్సరం గురించి చెప్పకపోతే నా మాట పూర్తి కాదు. 2020 సెప్టెంబర్ 1 నుంచి మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ పాఠాల ఛానల్ టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. అటకల మీద పడేసిన పాత డబ్బా టీవీలన్నీ మళ్లీ నా షాపుకు వచ్చాయి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వాళ్ల బాపు ఆటోలో టీవీ వేసుకుని వచ్చింది. ఇంట్లో ఒకటే ఫోన్, అది పగలంతా ఆటోతో పోతుంది. రాత్రి వస్తే అన్న చేతికి పోతుంది. ఆమెకు మిగిలింది ఆ టీవీ. బొమ్మ పైనా కిందా కుంచించుకుపోయి నడుమ పట్టీలాగా వస్తోంది.

"సార్, పాఠం టైముకు అయితదా?"

లోపల ఒక కండెన్సర్, అంటే కరెంటును కాసేపు నిలవ ఉంచే చిన్న డబ్బా, ఉబ్బింది. దాన్ని చూపించాను. మంచిది పక్కన పెట్టి, పైభాగం చదునుగా ఉండాలి, ఇది చూడు బొడ్డులాగా లేచింది అన్నాను. మార్చాను, బొమ్మ నిండుగా వచ్చింది. మూడు వారాలకు ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది, ఈసారి పక్కింటి వాళ్ల టీవీతో. "సార్, దీంట్ల గూడ బొమ్మ గట్లనే కుంచించుకపోయింది. కండెన్సర్ ఉబ్బిందేమో చూడండి." తెరిచాను. ఉబ్బింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

కానీ ఆ ఇంట్లో ఫోన్ వరుస చూశారా? బాపు, అన్న, ఆమె. 2023లో పల్లె పిల్లల చదువుల మీద లెక్కలు తీసే అసర్ సర్వే వాళ్లు దేశంలో పల్లెటూరి పిల్లలను, పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లను అడిగారు. స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన మగపిల్లల్లో సొంత ఫోన్ ఉన్నవాళ్లు 43.7 శాతం, ఆడపిల్లల్లో 19.8 శాతం. మరుసటి ఏడాది పద్నాలుగు నుంచి పదహారేళ్ల వాళ్లను అడిగితే, అంతకు ముందు వారంలో చదువుకు ఫోన్ వాడామన్నవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడామన్నవాళ్లు 76 శాతం. ఒకచోట ఫోన్ ఎక్కువై బాధ, ఇంకోచోట ఫోన్ అందక బాధ. రెండూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి ముందు అన్నం తినే అన్నాచెల్లెళ్ల మధ్య. కొడుకు చేతిలోంచి ఫోన్ ఎట్లా తీయాలి అని నన్ను అడిగేవాళ్లకు నేను ముందు అడిగే ప్రశ్న, ఆడబిడ్డకు ఇస్తున్నారా అని.

మూడేళ్లుగా ఎండాకాలం సెలవుల్లో మా షాపు వెనుక గదిలో పిల్లలకు పాత వస్తువులు ఇస్తున్నాను. రేడియోలు, గోడ గడియారాలు, మిక్సీ మోటార్లు, టేప్‌రికార్డర్లు. పాత డబ్బా టీవీ మాత్రం ఇవ్వను, ప్లగ్గు తీసేసినా దాని పిక్చర్ ట్యూబ్‌లో కరెంటు నిలిచి ఉంటుంది, షాక్ కొడుతుంది. ఫోన్ బ్యాటరీ ఇవ్వను, కారణం ముందే చెప్పాను. మిగిలినవి విప్పుకోవచ్చు. మొదటి రోజు పిల్లలు స్క్రూడ్రైవర్‌ను ఎటు తిప్పాలో అడుగుతారు. రెండో రోజు స్పీకర్ వెనుక అయస్కాంతం కనిపెడతారు, ఇక గదిలో ఉన్న మేకులన్నీ దానికే అంటుకుంటాయి. మూడో రోజుకు ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "తాతా, ఫోన్‌లో కూడా ఇట్లాంటి స్పీకరే ఉంటదా?" అని. అప్పుడు మా అబ్బాయిని పిలుస్తాను. పగిలిన ఫోన్ నుంచి గోరంత స్పీకర్ తీసి చూపిస్తాడు. దానిలోనూ అయస్కాంతం, దానిలోనూ తీగ చుట్ట. పాత పెద్దదాన్నీ కొత్త చిన్నదాన్నీ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని పిల్లలు ఎంతసేపు చూస్తారో నేను ప్రతిసారీ గమనిస్తాను.

టైము అయిపోయిందని నిర్వాహకులు చెబుతున్నారు. వెనుక టేబుల్ మీద గుడ్డ కప్పి ఒక వాల్వు రేడియో తెచ్చిపెట్టాను. పక్కనే నాలుగు స్క్రూడ్రైవర్లు, ఒక టార్చి ఉన్నాయి. ముందు దాన్ని ఆన్ చేస్తాను. అది పలకడానికి నిమిషం పడుతుంది, హాల్లో లైట్లు తీసేస్తే వెనుక చిల్లుల్లోంచి ఎర్రగా కనిపిస్తుంది. తర్వాత ప్లగ్గు తీసేసి, లోపల నిలిచిన కరెంటును నేనే దించి, మీ చేతికిస్తాను. చిన్నపిల్లలు ముందు రండి. ఆడపిల్లలు ముందు రండి.